"అత్త" అంటే వస్తానని

జూన్ 11

పత్రిక వచ్చింది. కాలేజీలో పాఠాలు చెప్పడం అయ్యాక జగిత్యాల బస్టాండులో కొన్నాను. కోరుట్ల బస్సులో సీటు దొరికేదాకా ఓపిక పట్టి, కూర్చోగానే నా సీరియల్ చివరి పేజీ తిప్పాను. చివరి మాట చూశాను.

నేను రాసింది — అత్త.

అచ్చయింది — అత్తా!

ఒక దీర్ఘం, పక్కన ఒక ఆశ్చర్యార్థకం. నా నాయిక సుగుణ శనిగ్రహం దగ్గర, ఓడకు కట్టిన తాడు తెగి, చీకట్లోకి కొట్టుకుపోతూ, రేడియోలో ఆఖరిసారి నోరు తెరిచి... అత్తగారిని పిలిచింది!

మా వైపు ఎవరూ వస్తాను అనరు. అత్త అంటారు. రేపత్త. పోయత్త. జర ఆగు, ఇప్పుడే అత్త. పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దే ఆ పుణ్యాత్ముడికి అత్తంటే మొగుడి తల్లి, లేకపోతే మేనత్త. దిద్దేశాడు.

సీరియల్ మొదట్లోనే ఎడిటర్ గారు చెప్పారు — యాస వద్దమ్మా, అంతరిక్షంలో యాసేమిటి అని. సరే అన్నాను. ఏడాది పొడుగునా సుగుణ చేత పాఠ్యపుస్తకం తెలుగు మాట్లాడించాను. మా ఇంటి మాట ఒక్కటి పెట్టుకున్నాను. ఒకే ఒక్కటి.

బస్సు దిగేటప్పుడు గొడుగు మరిచిపోయాను.

జూన్ 12

ఎడిటర్ గారికి ఫోన్. ఎత్తలేదు. సవరణ వేయమని మెసేజ్ పెట్టాను. చూశారు. జవాబు లేదు.

జూన్ 13

జవాబు వచ్చింది. రెండు చేతులు జోడించిన బొమ్మ.

జూన్ 15

ఆదివారం. టిఫిన్ అయ్యాక చేయి దానంతటదే ఫోను మీదికి పోతుంది. ఇంకా పోతూనే ఉంది.

సిరిసిల్లలో అక్క అరుగు మీద బీడీల చాట ముందేసుకుని కూర్చునేది. ఫోను చాట అంచుకు ఆనించి స్పీకరు పెట్టేది. వారమంతా రాసిన భాగం ఇక్కడి నుంచి చదివేదాన్ని. అక్క, పక్కింటి రాజవ్వ, ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఆకు కత్తిరిస్తూ వినేవాళ్లు. వెనకనుంచి సాంచెల చప్పుడు. బావ పనిచేసే మరమగ్గాల షెడ్డు ఆ గోడకు ఆనుకునే ఉంది. బావ ఎన్నడూ వచ్చి వినలేదు, ఆ చప్పుడులోనే ఉండేవాడు. వాళ్లకు వినిపించందే నేను పత్రికకు పంపేదాన్ని కాదు.

అక్క చదివింది మూడో తరగతి. శనిగ్రహం ఎంత దూరమని ఎప్పుడూ అడగలేదు. గాడ బువ్వెట్ల తింటరని అడిగింది. నెత్తి ఎట్ల దువ్వుకుంటదని అడిగింది. సుగుణ అన్న పేరు కూడా తనదే. ఎడిటర్ గారు ఇంకేదో రెండక్షరాల పేరు పెట్టమంటే, మనిషి పేరు పెట్టు చెల్లె, మందుగోలి పేరు పెట్టకు అన్నది.

సుగుణ మరమ్మతుకని ఓడ బయటికి అడుగు పెట్టిన ప్రతిసారీ కథకు అడ్డం పడేది.

"మోకు ఏసుకున్నదా?"

నాన్న తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడు అది. చిన్నప్పుడు అక్క చెట్టు కింద నిలబడి పైకి చూస్తూ నాన్నను రోజూ అదే అడిగేది. శనిగ్రహం దగ్గరా అదే అడిగింది. ఏసుకున్నదక్కా, అంటే గాని నన్ను తర్వాతి వాక్యానికి పోనిచ్చేది కాదు.

జూన్ 16

ఏప్రిల్ సంగతి ఇందులో రాయలేదు. పేజీలు తెల్లగానే ఉన్నాయి. ఇవాళ రాస్తున్నాను.

జ్వరం. తగ్గుతుందనుకున్నారు. రక్తంలో కణాలు పడిపోయాయి, కరీంనగర్ తీసుకుపోతున్నాం అని బావ ఫోన్ చేశాడు. వెనకనుంచి అక్క ఫోను లాక్కుంది. బండిలో ఉన్నట్టుంది, గాలి హోరు.

"ఏం గాదు చెల్లె. ఐతారం వరకు అత్త. గా పిల్లను ఆగం జెయ్యకు."

ఐతారం అంటే మా ఆదివారం. గా పిల్ల అంటే సుగుణ.

శనివారం పోయింది అక్క. అస్థికలు ధర్మపురిలో గోదావరిలో కలిపాం. నీళ్లు మోకాళ్ల దాకా కూడా లేవు. బావ చాలా దూరం నడుచుకుంటూ లోపలికి పోయాడు, లోతు కోసం.

ముందే పంపిన భాగాలు జూన్ దాకా సరిపోయాయి. తర్వాత రాసిన మొదటి భాగంలోనే తాడు తెంపాను. కోపం. నువ్వు వస్తానని రానప్పుడు అది మాత్రం ఎందుకు రావాలి అనుకుని తెంపాను. అక్క మాటే దాని నోట్లో పెట్టి పంపేశాను. ఎవరికీ చదివి వినిపించలేదు.

ఇక రాసేదేమీ లేదు. అది సచ్చిపోయింది. కథ అయిపోయింది... అనుకున్నాను.

జూన్ 18

ఫోన్లు మొదలయ్యాయి. అందరిదీ ఒకటే ప్రశ్న. మేడమ్, అత్త ఎవరు?

విజయవాడ నుంచి ఒకాయన. శనిగ్రహం మీద ముందే దిగిన వ్యోమగామి సుగుణ మేనత్త అని తను మూడో భాగంలోనే కనిపెట్టాడట. మూడో భాగంలో నేనేం రాశానో నాకే గుర్తు లేదు.

ఖమ్మం నుంచి ఒకామె. అత్తే తాడు కోసి ఉంటుందని ఆమెకు గట్టి నమ్మకం. మా ఇంట్లో అయినా అదే జరిగేది అన్నది. చాలాసేపు వాళ్లత్త గురించే మాట్లాడింది. విన్నాను.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. నేను పుట్టించని అత్తకు వీళ్లు చీర కూడా కట్టేశారు.

జూన్ 20

ఫస్టియర్‌కు గురుత్వాకర్షణ చెబుతున్నాను. వెనక బెంచీ నుంచి చేయి లేచింది. సంతోషపడ్డాను, డౌటు అడుగుతోందని.

"మేడమ్, మా అమ్మ అడుగుమన్నది... గా అత్త మంచిదా చెడ్డదా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఈ పిల్ల కూడా ఇంట్లో రేపత్త మాపత్త అనే అంటుంది. అచ్చులో చూస్తే మాత్రం దానికీ అత్తే కనిపించింది. అచ్చంటే అంత భయం మాకు, మా మాట మేమే గుర్తుపట్టం.

జూన్ 22

జగిత్యాల లైబ్రరీలో పాఠకులతో ముఖాముఖి. నాకు శాలువా. మైకు కుయ్యిమంటోంది. అధ్యక్షుడు నన్ను 'మన ప్రాంతపు గ్రహాల రచయిత్రి' అన్నాడు. జాతకాలు చెబుతాననుకుని ఒకాయన చేయి చాపుకుని వచ్చినా ఆశ్చర్యం లేదు.

కొడిమ్యాల రైతు ఒకాయన లేచి, ఇంకో ఇరవై ఏండ్లకు మా బోర్లల్ల నీళ్లుంటయా మేడమ్ అని నిజంగానే అడిగాడు. నాకు తెలియదన్నాను. మరి ముందల జరిగేటివి రాత్తరంటిరి గద అన్నాడు. నిరాశగా కూర్చున్నాడు. ఆయన ముఖం ఇంకా కళ్లలోనే ఉంది. శాలువా కప్పుకుని తెలియదని చెప్పడానికి సిగ్గేసింది.

ఇంకో కుర్రాడికి రోబో కావాలి. రోబో లేకుండా సైన్స్ కథేంటి అంటాడు. పెద్దాయన ఒకరికి అన్నీ మన పురాణాల్లోనే ఉన్నాయని నేను ఒప్పుకోవాలి.

ఆఖరున ఒకామె మైకు తీసుకుని మెల్లగా చెప్పింది. మేడమ్, మీది సైన్స్ ఫిక్షన్. చచ్చినవాళ్లను తెచ్చే వీలున్నది మీకొక్కరికే గదా. మీరు కూడా తేకపోతే ఎట్లా?

ఏదో జవాబు చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

జూన్ 24

ఎడిటర్ గారు తనే ఫోన్ చేశారు. గొంతులో పండగ. ఇన్ని ఫోన్లు ఏ సీరియల్‌కూ రాలేదట. ప్రూఫ్ తప్పని మళ్లీ చెప్పాను. తెలుసమ్మా, తెలుసు, అదృష్టమంటే అలాగే వస్తుంది అన్నారు. అత్త పాత్రను ప్రవేశపెట్టి ఇంకో పది భాగాలు లాగాలి. నాకు ఒంట్లో బాగాలేదని చెప్పి రెండు వారాలు విరామం ప్రకటించారట. నన్ను అడగలేదు.

సవరణ అడిగాను.

"సవరణ వేస్తే పాఠకుడి ఆశ మీద నీళ్లు చల్లినట్టమ్మా. పాఠకుడు కోరుకున్నది ఇవ్వడం కూడా కళే."

ఆయన మంచివాడే. నా మొదటి కథ చించి అవతల పారేయకుండా వేసింది ఆయనే. అందుకే గట్టిగా అరవలేకపోయాను.

జూన్ 25

విరామ ప్రకటన కింద బొమ్మ వేశారు. పెద్ద బొట్టు, ముడి, అంతరిక్షపు తొడుగు మీదుగా పట్టుచీర కొంగు. అత్త!

టీ గిన్నె మాడిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

జూన్ 26

ప్రయత్నించాను. ఒక పేజీ. అత్త వచ్చి ఓడ తలుపు తీసింది. నోరు తెరిచి 'బువ్వ తిన్నవా?' అన్నది.

మూసేశాను. ఇంట్లో నేనొక్కదాన్నే, గట్టిగానే ఏడ్చాను. పక్కవాళ్లు టీవీ సౌండు తగ్గించారు, వినపడినట్టుంది.

జూన్ 29

సిరిసిల్ల పోయి వచ్చాను. వేములవాడలో దిగి ఇంకో బస్సు. అక్క పోయాక ఇదే మొదటిసారి ఆదివారం పోవడం. కర్మల రోజుల్లో జనం ఉన్నారు, ఏమీ కనిపించలేదు. ఇవాళ అన్నీ కనిపించాయి. అరుగు. అక్క చాట గోడకు మేకుకు వేలాడుతోంది. మిగతావాళ్లు కూర్చున్నారు. అక్క చోట ఎవరూ కూర్చోలేదు. అంతా కొంచెం జరిగి కూర్చుంటే ఇరుకు తీరేది, అయినా జరగలేదు.

రాజవ్వ చేతులు ఆగలేదు. ఆకు చుడుతూనే, బక్కగైనవు బిడ్డ అన్నది. బావ సాంచెల దగ్గరి నుంచి వచ్చాడు, నెత్తినిండా దూది. నీళ్లిచ్చాడు. మళ్లీ లోపలికి పోలేదు, గడప మీద కూర్చున్నాడు. అంగి జేబులో అక్క ఫోను. ఛార్జింగ్ పెట్టి తిప్పుతున్నాడట. ఎవలన్న చేత్తరేమో అన్నాడు. నేను ఏప్రిల్ నుంచి ఆ నంబరుకు చేయలేదు.

పత్రిక ఇక్కడిదాకా రాదనుకున్నాను. వచ్చింది. రాజవ్వ కోడలు చదివి వినిపించిందట. అత్త ఎవరని వీళ్లూ అడుగుతారు, చెప్పి నవ్విద్దాం అనుకున్నాను.

అడగలేదు. ఈ అరుగు మీద అత్త ఎవరని ఒక్కరూ అడగలేదు. చదివింది చెవులతో కదా. కోడలి నోట అది ఇంటి మాటగానే వచ్చింది, దీర్ఘం లేదు, ఆశ్చర్యార్థకం లేదు. నేను రాసిన మాటే విన్నారు.

"అత్త అన్నది గద," అన్నది రాజవ్వ. "ఎప్పుడత్తది మరి?"

నా ప్రాణం లేచొచ్చింది ముందు. తెలుగు దేశమంతటిలో నా మాట అందింది ఈ నాలుగు చాటల దగ్గరికే. మరుక్షణం ప్రశ్న అర్థమైంది.

రాదవ్వా అన్నాను. తాడు తెగిందని, వీపు మీది డబ్బాలో గాలి కాసేపటికే ఉంటుందని, ఓడ వెనక్కి తిరిగేంత టైము లేదని — క్లాసులో చెప్పినట్టు చెప్పాను. అది చచ్చిపోతూ అన్న మాట అవ్వా అన్నాను.

"సచ్చేటోళ్లు అత్త అంటరా బిడ్డ?"

 గడప మీద బావ నేలకేసి చూస్తున్నాడు. రాజవ్వకు అప్పుడు తట్టింది తనేమన్నదో. చేతిలో బీడీ చాటలో పెట్టేసింది.

"అన్నది. మీ అక్క గూడ గట్లనే అన్నది," అన్నది. "గామెను ఎవ్వలు తెత్తరు? ఎవ్వలతోని గాదు. గీ పిల్లనైతే నీ చేతులున్నది గద."

బస్సులో వేములవాడ వచ్చేదాకా కిటికీకి తల ఆనించే ఉన్నాను. అద్దం అదురుతుంటే దవడ నొప్పి పుట్టింది.

జూన్ 30

గీ పిల్లనైతే నీ చేతులున్నది గద.

జూలై 2

లెక్కలు. గాలి, వేగం, ఓడ తిరగడానికి పట్టే కాలం. ఎట్లా వేసినా రాదు. ఒకచోట కొంచెం అబద్ధమాడితే వస్తుంది. పాఠకుల్లో పట్టుకునేవాళ్లు ఒకరిద్దరుంటారు, అది నాకు పట్టదు. నేను పట్టుకుంటాను.

పిల్లలకు క్లాసులో అబద్ధపు లెక్క ఎన్నడూ చేయించలేదు. ఇప్పుడు సుగుణను అబద్ధం మీద తెస్తే... వచ్చింది సుగుణేనా? తెచ్చాక నాకు ఇంకో సంగతి భయం. ఒకరిని తేగలిగినప్పుడు రెండోవాళ్లను ఎందుకు తేలేదని నన్ను నేనే అడుగుతాను. రోజూ అడుగుతాను.

తేకపోతే? రాజవ్వ ఏమీ అనదు. చాట ముందుకు లాక్కుంటుంది.

జూలై 4

ఎడిటర్ గారి ఆఖరి మాట. అత్తయినా రావాలి, సుగుణయినా రావాలి, లేకపోతే వచ్చే సంచికలో ఒకే పేజీలో ముగించెయ్యాలి. బుధవారంలోగా పంపాలి. పాపం ఆయన కూడా విసిగిపోయారు.

ఆ శాలువా ఇస్త్రీకి వేయాలి. ఎందుకో తెలియదు, వేయాలి.

జూలై 5

ఏమీ రాయలేదు. గోరుచిక్కుడు వండాను. అక్కకు ఇష్టం లేదు అది. నాకూ లేదు.

జూలై 6

ఆదివారం. టిఫిన్ అయింది. చేయి ఫోను మీదికి పోయింది. తీసి పక్కన పెట్టాను.

అది మోగింది.

ఫోను తెర మీద — అక్క.

 బావ జేబులో ఉన్న ఫోనని తెలుసు. తెలిసి కూడా, ఒక్క క్షణం, దేవుడా... వచ్చిందనుకున్నాను. ఎత్తలేదు. ఆగిపోయింది. మళ్లీ మోగింది.

బావే. అందరు కూసున్నరు అన్నాడు. రాజవ్వోళ్లు అడిగితే చేసిన అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, నేను గూడ కూసున్న అన్నాడు. వెనక సాంచెల చప్పుడు లేదు. ఆదివారం పూట కూడా ఆగని సాంచెలు ఆపి వచ్చాడు.

"సదువు మరదలా. ఇంట." వింటానంటున్నాడు బావ.

నా ముందు తెల్ల కాగితం. చదవడానికి ఒక్క అక్షరం లేదు. ఇంకా రాయలేదు బావా అని చెప్పాల్సింది. చెప్పలేదు. ఫోనులో వాళ్ల కత్తెరల చప్పుడు వినిపిస్తోంది, ఆకు కత్తిరిస్తున్నారు. సుగుణ కళ్లు తెరిచింది, అన్నాను. అంతవరకే వచ్చింది. ఆగిపోయాను.

అవతల కత్తెరలు కూడా ఆగాయి. అప్పుడు బావ అడిగాడు. ఏ ఆదివారమూ అరుగు మీదికి రాని మనిషి, గోడ అవతల ఆ చప్పుడులో ఇన్నాళ్లూ ఏం విన్నాడో నాకు ఇవాళ తెలిసింది.

"మోకు ఏసుకున్నదా?"

ఏసుకున్నది బావా అన్నాను.

అన్నాను. ఆ మోకు రెండో కొస దేనికి కట్టి ఉందో ఇంకా రాయలేదు. బుధవారంలోగా పంపాలి.